కెజియా కాలికి కోడి కడియం

మా ఫారంలో ప్రతి గుడ్ల కోడి కాలికీ ఒక కడియం ఉంటుంది. కోడి ఒంటి వేడి సరిగ్గా ఉంటే కడియం మీద పచ్చ దీపం, రక్తంలో బ్యాక్టీరియా చేరి కాగిపోతుంటే ఎర్ర దీపం వెలుగుతాయి. కోడి చచ్చి చల్లబడితే దీపం ఆరిపోతుంది. యాంటీబయాటిక్ ఏదీ పనిచెయ్యని రోజులివి. ఎర్రబడిన కోడిని తీసి పాతిపెట్టడమే మా పని.

నిన్న నాతో గుడ్లు ఏరుతుంటే మా అమ్మాయి కెజియా వేలిని ఎర్ర దీపం కోడి ఒకటి రక్తం వచ్చేలా పొడిచింది. ఇక నా ప్రాణం నిలవలేదు. కడియం ఒకటి తెచ్చి పిల్ల కాలికి పెట్టాను. దీపమే వెలగలేదు. గొల్లుమన్నాను.

మా ఆయన ఏసుబాబు పగలబడి నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, కోడి ఒళ్లు మనకంటే బాగా వేడే! మనిషికి పెడితే సచ్చిన కోడనుకోదేంటే అది? ఎలగకపోడమే మంచిది. ఏడుపాపు."

అయినా కడియం తియ్యలేదు. తీస్తే ఏమవుతుందోనని అదో భయం.

ఇవాళ పొయ్యి దగ్గర ఉంటే, వేలు సలుపుతోందని పడుకున్న కెజియా మంచం మీంచి పిలిచింది.

"అమ్మా, సూడే! పచ్చగా ఎలిగింది. తగ్గిపోయినట్టేగా?"

నుదుటి మీద చెయ్యి వేశాను. పెట్ట రెక్క కింద చెయ్యి పెట్టినట్టు కాలిపోతోంది.

"తగ్గిపోద్దమ్మలూ. పడుకో" అని దుప్పటి కప్పాను. పలచటి దుప్పటి. పచ్చ వెలుగు పైకి కనబడుతూనే ఉంది.