తుక్కు గంపలో జీరంగి

అడవిలో పూలకు పుప్పొడి మోసేవి ఇప్పుడు మర పురుగులే. వానలకు పాడై రాలిన వాటిని తుక్కు గంపలోకి ఏరడం జ్వలిత పని. సాయంత్రానికి ఆ గంప మిల్లుకు పోతుంది, అంతా పిండి అయిపోతుంది.

ఆ ఉదయం తుమ్మచెట్టు కింద, నెమలి మెడలా మెరిసే పచ్చటి పురుగొకటి దొరికింది. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుంది.

"బ్యాటరీ అయిపోయింది. తుక్కులో వేయండి," అన్నాయి జ్వలిత కళ్లద్దాలు.

ఆమె గంపలో వేయబోతుంటే, పక్కనే ఏరుతున్న డెబ్బై ఏళ్ల సహస్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగవే! అది జీరంగి, పాణమున్న పురుగు. సచ్చినట్టు యాక్టింగ్ చేస్తది. చిన్నప్పుడు అగ్గిపెట్టెల పెట్టి సాదుకునేటోళ్లం."

"ఇరవై ఏండ్ల సంది ఒక్కటి గూడ లేదంటరు గద పెద్దమ్మా?"

"తుమ్మాకు పెట్టి సూడు మరి."

జ్వలిత తన టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, పురుగునూ ఆకునూ అందులో ఉంచింది. మధ్యాహ్నం మూత తీస్తే ఆకు అంచులు కొరికేసి ఉన్నాయి. పక్కన గోధుమగింజంత గుడ్డు!

"ఒక భాగం ఊడింది. రిపేరుకు పంపండి," అన్నాయి కళ్లద్దాలు.

సహస్రమ్మ పకపకా నవ్వి, వాటిని జ్వలిత ముఖం మీంచి లాగి తుక్కు గంపలో పడేసింది.

"ఇగ చెట్టు మొదట్ల దాన్ని ఇడ్సిపెట్టు బిడ్డా. ఇంకా గుడ్లు పెట్టే పనుంది దానికి."