గుర్తుపట్టే ముడి

"ముసుగు తీస్తెనే కార్డు," అంటూ పోశెట్టి జైతూన్‌బీకి ఇవ్వాల్సిన దవాఖాన కార్డు మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టాడు.

బోధన్ బీడీ కార్ఖానాలో ఆడవాళ్లు చుట్టి తెచ్చిన కట్టలను చూసి తీసుకునేది అతనే. నల్ల బుర్కా కనిపిస్తే చాలు, అతనికి ఒళ్లు మండుతుంది.

"పన్నెండేండ్ల సంది నీకే బీడీలిస్తున్న గద పోశెట్టన్నా, ఇయ్యాల తెల్వకపోతినా?" అంది జైతూన్‌బీ, దగ్గు ఆపుకుంటూ.

"లోపల ఎవరున్నరో ఎవరికెరుక? బజార్ల తిరిగేటోళ్లకు మొఖం దాసుకునుడేంది? సర్కారు ఈ బుర్కాలన్నీ బంద్ పెట్టాలె!"

వరుసలో వెనకనున్న అంజవ్వ ఊరుకోలేకపోయింది. "మా వాడకట్టు జైతూనే అన్నా. నేను చెప్తున్న గద!"

"నువ్వు నోర్మూసుకో. మొఖం సూడనిదే ఇయ్య."

జైతూన్‌బీ రెండు చేతులతో ముసుగు పైకెత్తింది.

"సూడు. మంచిగ సూసి చెప్పు, నేనెవరు?"

పోశెట్టి చూశాడు. చెంపలు పీక్కుపోయిన నడీడు మొఖం. పన్నెండేళ్లలో ఎన్నడూ చూడనిది. ఎవరిదైనా కావచ్చు.

ఆమె ముసుగు దించుకుంది. చాటలోంచి ఒక బీడీ కట్ట తీసి బల్ల మీద పెట్టింది. దారం ముడి ఎడమకు తిరిగి ఉంది. ఎడమచేతి వాటం మనిషి వేసిన ముడి. వేల కట్టల్లో కలిపినా అతను ఇట్టే పట్టేస్తాడు.

"జైతూన్‌బీ," అన్నాడు, తనకు తెలియకుండానే.

ఆమె అతని చెయ్యి కింది నుంచి కార్డు లాక్కుంది.

"మరి మొఖమెందుకు అడిగినవ్?"