ఊపిరి వంతు

"ఏంటే, అప్పుడే అందరూ వచ్చేశారా?" అంది పిచ్చుక పాటల గదిలోకి వస్తూ.

ఎవరూ పలకలేదు.

తన కుర్చీలో ఎవరిదో బ్యాగు ఉంది. తీయబోయింది.

"ఉండనీలే, ఆ కుర్చీ ఖాళీయేగా" అంది బృందం లీడరు, పక్కమ్మాయితో.

పిచ్చుక బ్యాగు మీంచి చెయ్యి తీసేసింది. ఈసారి తనే అన్నమాట.

గొంతు సన్నమని బృందంలో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. నిన్నటిదాకా అలా పిలిచినవాళ్లే వీళ్లంతా.

ఆ స్కూలు పాటల బృందంలో అదొక ఆట. ఎప్పుడూ ఒకమ్మాయి 'ఖాళీ'గా ఉండాలి. ఉన్నా లేనట్టే. తిట్టరు, కొట్టరు. పొమ్మనలేక పొగబెట్టడం ఎలాగో ఈ పిల్లల దగ్గర నేర్చుకోవాలి. 'ఖాళీ' అయినమ్మాయి చేతులు కడుక్కుంటుంటే, ఎవరో తిప్పి మరిచిపోయినట్టు కుళాయి కట్టేస్తారు. గదిలో ఆమె ఉండగానే లైటార్పి తలుపేసుకుని పోతారు. పోయినసారి ఖాళీకి కుళాయి కట్టింది పిచ్చుకే.

అసలు దెబ్బ పాటలో పడుతుంది.

పాట చివర ఒక పొడుగు స్వరం ఉంది. ఒక్కరి ఊపిరికి అందేది కాదు. అందుకని వంతులు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే అటూ ఇటూ ఉన్నవాళ్లు స్వరాన్ని నిలబెడతారు. వినేవాళ్లకి అతుకు తెలియదు.

'ఖాళీ' అయినమ్మాయి వంతు వచ్చినప్పుడు మాత్రం మిగతా అందరూ కూడా అప్పుడే ఊపిరి తీసుకుంటారు. స్వరం పుటుక్కున తెగుతుంది. ఎవరి వంతులో తెగిందో టీచరుకి తెలుసు.

"మళ్లీ నువ్వేనా?" అంది టీచరు మూడోరోజు, పిచ్చుకతో. "ఇలాగైతే నిన్ను బృందంలోంచి తీసేస్తాను."

ఆ సాయంత్రం పిచ్చుక వాళ్లమ్మని అడిగింది. "అమ్మా, నేను కనబడుతున్నానా?"

"కనబడకేం? గుమ్మానికి అడ్డంగా నిలబడి మరీ కనబడుతున్నావు. తప్పుకో."

పిచ్చుకకి నవ్వు రాలేదు.

అలాంటి రోజుల్లో ఒక కొత్తమ్మాయి వచ్చి చేరింది. బొంగురు గొంతు, తక్కువ మాట. ఆమెను పిచ్చుక పక్కన నిలబెట్టారు.

పొడుగు స్వరం వచ్చింది. పిచ్చుక వంతూ వచ్చింది. ఎప్పట్లాగే అందరూ ఆపేశారు.

స్వరం తెగలేదు. బొంగురు గొంతు ఒక్కటే దాన్ని మోస్తోంది.

తర్వాత చేతులు కడుక్కునే చోట ఎవరో కట్టేసి పోయిన కుళాయిని కొత్తమ్మాయి మళ్లీ తిప్పింది.

"కడుక్కో."

"నాతో మాట్లాడకు. ఇదిక్కడ ఒక ఆట. నిన్నూ ఇలాగే చేస్తారు."

"ఈ ఆట ఎప్పుడు ఆగుతుంది?"

"ఆగదు. నా చోట ఇంకొకరు ఉంటే నన్ను వదులుతారు, అంతే."

కొత్తమ్మాయి సరేనంది. మరేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున లీడరే వచ్చి పిచ్చుక భుజం మీద చెయ్యేసింది. "ఏంటే మొహం అలా వేలాడేశావు? రా, కూర్చో."

పిచ్చుక కుర్చీలో బ్యాగు లేదు. కొత్తమ్మాయి కుర్చీలో ఉంది.

బతుకు జీవుడా అనుకుంది పిచ్చుక. ఎంతైనా లీడరుకి తనంటే ఇష్టమేలే అని సర్దిచెప్పుకుంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే మళ్లీ పట్టుకుంటారని భయం.

ఆ రోజు పొడుగు స్వరంలో కొత్తమ్మాయి వంతు వచ్చినప్పుడు పిచ్చుక గుండెల నిండా ఊపిరి ఉంది. ముందు వరసలోంచి లీడరు వెనక్కి తిరిగి చూసింది.

పిచ్చుక నోరు మూసుకుంది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే.

టీచరు చేత తిట్లు తిని కూడా కొత్తమ్మాయి పిచ్చుక వైపు చూసి కొంచెం నవ్వింది. పొగరు, అనుకుంది పిచ్చుక.

మొదట్లో ఆమెను చూడనట్టు నటించేది. రాను రాను నటించాల్సిన పని లేకపోయింది. ఒకసారి కుళాయి దానంతటదే పారుతుంటే, ఎవరో మరిచిపోయారనుకుని కట్టేసింది. తలెత్తితే అద్దంలో, తన పక్కనే, రెండు తడి చేతులు మెల్లగా వెనక్కి వెళ్తున్నాయి.

తర్వాత ఒకరోజు టీచరు అడిగింది. "ఆ కొత్తమ్మాయి ఎప్పట్నుంచి రావట్లేదు?"

అందరూ మొహాలు చూసుకున్నారు. నిన్న వచ్చిందా? పోయిన వారం వచ్చిందా?

"ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తట్లేదు" అంది టీచరు.

ఆ రోజునుంచి ఆ కుర్చీలో ఎవరూ బ్యాగు పెట్టలేదు. దాని పక్కనుంచి వెళ్లేటప్పుడు ఎవరి కాలో తగులుతుందన్నట్టు అందరూ ఒదిగి నడిచారు.

పొడుగు స్వరం పాడారు. కొత్తమ్మాయి వంతు దగ్గర ఎవరూ ఊపిరి తీసుకోలేదు. భయంతో ఒక్కరూ ఆపలేదు.

అయినా సరిగ్గా అక్కడే స్వరం తెగింది.

"ఎవరు?" అంది టీచరు. అందరూ ఆ కుర్చీ వైపే చూశారు.

మెట్ల దగ్గర పిచ్చుక లీడరుని పట్టుకుంది.

"ఇక ఈ ఆట వద్దే" అంది లీడరు. "నాకు భయంగా ఉంది."

"ఇప్పుడా చెప్పడం? అసలు ఆమెనెందుకు ఎంచావు? వచ్చి అప్పటికి వారమైనా కాలేదు. ఎవరి జోలికీ పోలేదు."

"నేనెంచలేదు."

"మరి?"

లీడరు మెట్ల మీద కూలబడింది.

"నిన్ను వదిలేశామే, ఆ పొద్దున తనే నా దగ్గరికొచ్చి, 'పిచ్చుకకి ఊపిరాడట్లేదు, దాని వంతు నాకిచ్చెయ్' అని అడిగి తీసుకుంది."