ఏడాదికి సరిపడా

“ఎర్ర తువ్వాలూ తెల్లచొక్కాలూ కలిపి వేశావా?”

వాషింగ్ మెషీన్ మూత ఎత్తి పట్టుకుని అడిగింది తల్లి. లోపల చొక్కాలన్నీ లేత గులాబీ రంగు తిరిగి ముద్దగా పడి ఉన్నాయి.

“కలపకూడదని ఎవరు చెప్పారు?” అన్నాడు కొడుకు.

“ఇప్పుడు చొక్కాలు చెబుతున్నాయిగా. ఇవే వేసుకుని కాలేజీకి పో. తిక్క కుదురుతుంది.”

ఇరవయ్యేళ్ళు వచ్చినా అతనికి ఇంటిపనిలో ఓనమాలు రావు. అందులో అతని తప్పు సగమే. తండ్రి పోయినప్పటి నుంచీ తల్లి ఒంటిచేత్తో సంసారం ఈదుకొచ్చింది. కొడుకు గ్లాసు కడగబోయినా “నీకెందుకురా” అంటూ లాక్కునేది. అలాంటి ఇంటికి ఐరోపాలో ఏడాది చదువు వచ్చి పడింది. యూనివర్సిటీ మొత్తానికి రెండే సీట్లు. అందులో ఒకటి వచ్చిందని తెలిసిన రోజున తల్లీకొడుకులు వంటింట్లో చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. గెంతి గెంతి అలిసిపోయాక గానీ అసలు సంగతి తట్టలేదు. ఏడాదిపాటు ఎవరి పొయ్యి వాళ్ళదే.

అందుకే ఈ తర్ఫీదు. పొద్దున వంట, సాయంత్రం బట్టలు, సెలవు రోజున ఇల్లు తుడవడం. భోజనాల దగ్గర కొత్త భాష. ఇద్దరిలో ఒకరు రొట్టెల దుకాణం వాడు, ఇంకొకరు కొనుక్కునేవాళ్ళు. ఒకరోజు రొట్టె అడగబోయి గాడిదని అడగడంతో ఇద్దరూ పొలమారేదాకా నవ్వారు.

ఆ నవ్వులు విని కూడా మామయ్య మొహం విప్పారలేదు. ఆయన వచ్చి కూర్చున్నాడంటే ఒకటే పాట.

“ఈ వయసులో ఏడాదిపాటు ఒంటరి బతుకేమిటక్కా? మనుషులు కొత్త, మాట కొత్త. ఇక్కడ చదువులే కరువయ్యాయా?”

“ఉన్నాయి మామయ్యా, ఇలాంటిది లేదు,” అన్నాడు మేనల్లుడు.

“నువ్వు ఊరుకోరా. నీ పట్టుదల వల్లే ఇదంతా.”

“అవును. దరఖాస్తు పెట్టేదాకా అమ్మని నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు మిమ్మల్ని కూడా నిద్రపోనివ్వను.”

మామయ్య అక్కవైపు చూశాడు. ఆమె బట్టలు మడతపెడుతూ తల ఎత్తలేదు. నిజానికి ఆయన అన్న మాటే ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. అది కొడుక్కీ తెలుసు. అమ్మ లేని ఇంట్లో తాళం తీసుకుని అడుగుపెట్టడం ఎలా ఉంటుందో అతనికీ తలుచుకుంటేనే భయమేసేది. కానీ ఇద్దరిలో ఒకరైనా గట్టిగా నిలబడాలిగా!

ప్రయాణం దగ్గరపడుతుండగా ఒక ప్రమాదం జరిగింది. మధ్యాహ్నం తల్లి ఇంట్లో లేనప్పుడు సొంతంగా బంగాళాదుంపలు ఉడకబెడదామని పొయ్యి వెలిగించాడు. గిన్నె దించి నీళ్ళు వంపబోతే మూత జారింది. మరిగే నీళ్ళు ఎడమ చేతిమీద పడ్డాయి.

సాయంత్రం యూనివర్సిటీ నుంచి వచ్చిన తల్లికి ముందు కనబడింది కట్టు. భుజాన ఉన్న సంచీ దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

“డాక్టరుకి చూపించానమ్మా. పైపైనే కాలిందట. మందు రాసి పంపించేశాడు.”

“మానేద్దాంరా,” అంది తల్లి.

“ఏమిటి?”

“ఈ చదువూ వద్దు, ఏమీ వద్దు. రేపే వెళ్ళి చెప్పేస్తాను. ఏదైనా అయితే నేను పరుగెత్తుకు రాలేను కదరా. జ్వరం వస్తే నుదుటిమీద చెయ్యేసి చూసే దిక్కుండదు. ఇవాళ చెయ్యి, రేపు ఇంకోటి.”

“ఎవర్నడిగి చెబుతావు?”

“ఎవర్నడగాలి?”

“నన్ను!” అతని గొంతు మొదటిసారి ఆ ఇంట్లో పెద్దగా లేచింది. “కాలింది చెయ్యి, కొంప కాదు. రెండు రోజుల్లో మానిపోయే పుండు కోసం మళ్ళీ రాని అవకాశం వదులుకుంటామా? ఆ తరవాత జీవితాంతం ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటాం? నేను చూడలేనమ్మా.”

తల్లి సంచీ దించి అతని పక్కన కూర్చుంది. కట్టు ఉన్న చేతిని తన ఒళ్ళోకి తీసుకుని కట్టు అంచులు సర్దింది.

తెల్లవారి ఆమె లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. కొడుకు కుడిచేత్తోనే గుడ్లు కొట్టి అట్టు పోస్తున్నాడు. ఒకటి మాడింది, రెండోది చిరిగింది. మూడోది గుండ్రంగా వచ్చింది. దాన్ని పళ్ళెంలో పెట్టి తల్లి ముందుంచాడు.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. 

“ఉప్పెక్కువైంది.”

“నీళ్ళు తాగు.”

“బాగుంది,” అని మొత్తం తినేసింది. పళ్ళెం తీయబోతే అతనే అందుకున్నాడు. ఈసారి ఆమె లాక్కోలేదు. ఆ తరవాత ‘మానేద్దాం’ అన్న మాట ఆమె నోట రాలేదు.

ప్రయాణం రోజున మామయ్యే కారు తీసుకొచ్చాడు. పెట్టెలు ఎక్కిస్తూ ఇంకా సణుగుతూనే ఉన్నాడు గానీ, దారిలో ఆగి ఉన్ని చేతితొడుగులు కొని “చలి గట్టిగా ఉంటుందట” అంటూ తెచ్చి వెనక సీట్లో పడేశాడు.

విమానాశ్రయంలో తలుపు దగ్గర వరస కదులుతోంది. తల్లీకొడుకులు ఒకరికొకరు అప్పగింతలు చెప్పుకుంటూనే ఉన్నారు. వేళకి తిను. రోజూ ఫోన్ చెయ్యి. తలుపు గడియ వేసుకోవడం మరిచిపోకు. ఎవరి మాట ఎవరిదో తెలియనంతగా రెండు గొంతులూ కలిసిపోయాయి.

“ప్రయాణం చేసేవాళ్ళు మాత్రమే లోపలికి,” అన్నాడు తలుపు దగ్గర ఉద్యోగి.

కొడుకు తల్లిని గట్టిగా వాటేసుకున్నాడు. మామయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

పాస్‌పోర్టు చూపించి, ఏడాది చదువు కోసం అమ్మ లోపలికి నడిచింది.