బాపు అలక

పెళ్ళికి ముందు చేయాల్సిన పనులు ఇంకా చాలా ఉన్నాయి. తెల్లచీరకు ఫాల్ కుట్టించాలి. చర్చిలో కట్టడానికి రంగుకాగితాలు తేవాలి. వంటకు కట్టెలు దింపించాలి. బాపు కోటు దర్జీ దగ్గర నుంచి తెచ్చుకోవాలి. అన్నిటికంటే ముందు లిల్లీ తన పెదవులు తగ్గించుకోవాలి.

"కందిరీగలు కుట్టినట్టున్నయి పోరీ. గందుకే నా తమ్ముడు నీతోని మాట బంద్ చేసిండు" అంది మేనత్త మార్తమ్మ, ఉల్లిగడ్డలు కోస్తూ.

సకల జనుల సమ్మెతో వాయిదా పడ్డ పెళ్ళి అది. ఫొటోల్లో నిండుగా కనబడాలని లిల్లీ హైదరాబాద్ పోయి పెదవులకు ఫిల్లర్ ఇంజెక్షన్లు వేయించుకుంది. అవి అనుకున్నదానికంటే ఎక్కువ నిండాయి. నోరు మూసినా రెండు పెదవులూ సరిగ్గా కలవడం లేదు. గోదావరిఖని క్వార్టరుకు తిరిగొచ్చిన రోజు నుంచి తండ్రి ఆమోసు ఆమెతో మాట్లాడటం మానేశాడు.

ఆమోసు ఒకప్పుడు గనిలో డ్రిల్లు నడిపినవాడు. ఇప్పుడు పైన లాంప్ రూములో, దిగేవాళ్ళకు టోపీ లైట్లు ఇస్తాడు. డ్యూటీ దిగి రాగానే తల్లి లేని బిడ్డను వరండాలో బల్బు కింద కూర్చోబెట్టి, "వెలుతుర్ల కూసో బిడ్డా, ఇగ చెప్పు" అనేవాడు. ఆమె పాఠాలు చెప్పే బడిలో ఆ రోజు జరిగిందంతా, ముఖం మీంచి చూపు తిప్పకుండా వినేవాడు. ఇప్పుడు లిల్లీ నోరు తెరిస్తే ఆ పెదవుల వంక ఓ క్షణం చూసి, తల దించుకుని బయటికి పోతున్నాడు. అక్కతో మాట్లాడతాడు, దర్జీతో మాట్లాడతాడు. కూతురితోనే లేదు.

మార్తమ్మ భయం మార్తమ్మది. పెళ్ళిలో పాస్టరు "ఈ కన్యను ఎవరు ఇస్తున్నారు?" అని అడుగుతాడు. తండ్రి "నేను" అనాలి.

"నిండు చర్చిల గిట్లనే మూతి ముడుసుకోని నిలవడితే ఎట్ల? మందమర్రి నుంచి వచ్చిన పిలగాని తరఫోళ్ళు ఏమనుకుంటరు?"

లిల్లీ మర్నాడే మళ్ళీ హైదరాబాద్ రైలెక్కింది. పెట్టిన మందును కరిగించే ఇంజెక్షన్ ఉందని డాక్టరమ్మ చెప్పింది. ముందు చేతి మీద కొంచెం వేసి, ఒంటికి పడుతుందో లేదో చూసింది. మొత్తం తీసేయాలా అని అడిగేసరికి లిల్లీ అద్దంలో చూసుకుంది. ఆశ చావలేదు.

"సగం తియ్యండి మేడం. మా బాపు కోపం పోయేంత."

కోపం కొలిచే సూది తన దగ్గర లేదని డాక్టరమ్మ నవ్వింది. పెదవులు సుఖంగా కలిసేదాకా మాత్రం తీస్తానంది.

వాపు తగ్గేదాకా రెండు రోజులు అక్కడే స్నేహితురాలు శాలిని గదిలో ఉండి, లిల్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ఆమోసు వరండాలో కొత్త కోటు వేసుకుని భుజాలు సర్దుకుంటున్నాడు. లిల్లీ ఎవరూ పిలవకుండానే పోయి బల్బు కింద కూర్చుంది.

"బాపూ, సగం తీయించిన. ఇప్పటికన్న మాట్లాడు."

ఆమోసు చూశాడు. చూస్తూండగానే ముఖం విచ్చుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"సగమే తీయించినవా? చాలు బిడ్డా. మంచిగనే ఉన్నయి."

లిల్లీకి గుండెల మీది బండ దిగినట్టయింది. లోపల మార్తమ్మ దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

"గంత కోపమొచ్చిందా బాపూ నా మీద?"

"కోపమెక్కడిది? పెండ్లిపిల్లవు, సోకు చేసుకుంటే నాకేంది?" ఆమోసు లోపలి దిక్కు ఒకసారి చూసి, ముందుకు వంగాడు. "బొగ్గు కాడ డ్రిల్లు నడుస్తుంటే ఎవని మాట ఎవనికి వినవడదు. టోపీ లైటు ఎదుటోని మూతి మీద కొట్టి, పెదవులు చూసి తెలుసుకుంటం. పైకొచ్చినంక సుత నాకు గదే బతుకైంది. బయట వడితే డ్యూటీకి పనికిరావంటరని ఎవరికీ చెప్పలే. నీ పెదవులు కలవకపాయె, నాకు ఒక్క ముక్క అందకపాయె."

లిల్లీ బల్బు వెలుతురులోకి ఇంకాస్త జరిగింది. ఆమోసు బరువు దించుకున్నవాడిలా నవ్వాడు.

"చర్చిల పాస్టరు మైకు నోటికి అడ్డం పెట్టుకుంటడు. ఆయన అడగంగనే నువ్వు నా దిక్కు తిరిగి చెప్పు, నేను జవాబిస్త. నీ గొంతు ఎట్లుంటదో మరిచిపోయి చాన ఏండ్లయింది బిడ్డా."

చదివేవారికి ఒక్క మనవి. గనిలో డ్రిల్లు నడిపిన మనిషి మీ మాటకు బదులివ్వకపోతే, అలిగాడనుకునే ముందు ఆమోసును గుర్తు చేసుకోండి. వెలుతురులోకి వచ్చి, మళ్ళీ అడగండి.