తప్పు లేని పేజీ

"ఇది తప్పమ్మా."

పేజీ మీద వేలు పెట్టి అన్నాడు ఆ పెద్దాయన.

1984. లాస్ ఏంజెలెస్‌లో నెలకోసారి జరిగే తెలుగు చర్చి ఆరాధన ముగిసింది. భోజనాల దగ్గర ప్రేమజ్యోతి తన ప్రింటవుట్ అందరికీ చూపిస్తోంది. సినిమా స్క్రిప్టును కంప్యూటరే పేజీల్లో పద్ధతిగా అమర్చే ప్రోగ్రాం. దానికోసం ఉద్యోగం మానేసి ఏడాదైంది.

"ఏది తప్పు అంకుల్?" కాస్త చిరాగ్గానే అడిగింది.

"సీన్ హెడింగు పేజీ అడుగున ఒంటరిగా మిగిలింది. తర్వాతి పేజీకి పంపాలి. ఇదిగో, ఈ డైలాగు మధ్యలో తెగింది. కొత్త పేజీలో మాట్లాడేవాడి పేరు మళ్లీ వెయ్యాలి. లేకపోతే అది ఎవరి మాటని తెలుస్తుంది?"

"మీరు సినిమాల్లో చేశారా?"

"లేదమ్మా. బెజవాడ రైల్వేలో టైపిస్టుగా చేశాను. నా పేరు దైవాశీర్వాదం."

పిల్లల దగ్గరికొచ్చిన రిటైర్డ్ తండ్రి, పొద్దుపోక మాట్లాడుతున్నాడనుకుంది.

ఇంటికెళ్లి చూస్తే ఆయన చెప్పిందే నిజం. పేజీలు విడదీసే భాగమంతా మళ్లీ రాయాలి.

"రెండు నెలల్లో కొనేవాళ్లకి డెమో. వదిలెయ్ జ్యోతీ, ఎవరు చూస్తారు?" అన్నాడు భర్త జగదీష్.

"ఆయన చూశారుగా!" అంది.

మర్నాడే దైవాశీర్వాదానికి ఫోన్ చేసి రమ్మంది.

శనివారం పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చాడు. ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు. ఆమె ప్రింట్ తీయడం, ఆయన పెన్సిల్‌తో గీతలు పెట్టడం.

"ఇంకోసారి," అనేవాడు.

ఆమె మళ్లీ మొదలుపెట్టేది.

"మీకెందుకు అంకుల్ ఇంత శ్రమ?"

"తప్పు పేజీ బయటికెళ్తే నాకు తిండి సయించదమ్మా."

ఎనిమిదో శనివారం నూట పద్దెనిమిది పేజీలూ తిప్పాడు. ఒక్క గీతా పెట్టలేదు.

"ఇంక నాతో పనిలేదు తల్లీ," నవ్వుతూ లేచాడు.

డెమో హడావుడిలో ఆమె మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

డెమో ఇంకా కాకుండానే మొదటి ఆర్డరు వచ్చింది. ఊరి పక్కనే ఉన్న బర్‌బ్యాంక్‌లో, స్టూడియోలకు స్క్రిప్టులు టైపు చేసిచ్చే చిన్న ఆఫీసు. కంప్యూటరు పెట్టడానికి తనే వెళ్లింది.

మేనేజరు కిటికీ పక్కన ఖాళీ టేబుల్ చూపించింది.

"ఇక్కడ ఎవరూ కూర్చోరా?"

"మా సీనియర్ టైపిస్టు కూర్చునేవాడు. పదకొండేళ్లు చేశాడు. ఇక మీ ప్రోగ్రాం ఉంటుందిగా, శుక్రవారం పంపేశాం. హ్యూస్టన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు."

ప్రేమజ్యోతి చేతిలో ఫ్లాపీ కవరు అలాగే ఉండిపోయింది.

"డెమో కూడా చూడకుండా ఎలా కొన్నారు?" మెల్లగా అడిగింది.

"'ఒక్క పేజీ కూడా తప్పు పోదు, నేను చూశాను, ధైర్యంగా కొనండి' అని మాకు చెప్పింది కూడా అతనే, మా దైవాశీర్వాదం."