వంటింట్లో బంపరు

యాభై ఎనిమిది మోడలు కారు గ్యారేజీలోకి దూరింది గాని తలుపు పడలేదు. డెట్రాయిట్‌లో మంచు మొదలైంది. రెండు రేకు రెక్కలు లేచిన కారు తోక మాత్రం బయటే ఉండిపోయింది.

"ఈ రెక్కలు గీసిన మహానుభావుడెవరో?" అంది నా భార్య లొరెయిన్.

ఎవరో ఆమెకి తెలుసు. కార్ల కంపెనీలో నా ఉద్యోగమే అది. ఏటా తోక కాస్త సాగదీయాలి, నిరుటి కారున్నవాడు సిగ్గుపడాలి. మా ఇల్లు యుద్ధం ముగిసిన కొత్తలో కట్టింది. అది సాగదు.

"ఆ రెక్కలు కోసిపారెయ్."

"కంపెనీలో తెలిస్తే నా ఉద్యోగం కోసిపారేస్తారు."

"అయితే పాతదే తెచ్చుకో. చక్కగా పట్టేది."

"నిరుటి కారా? ఈ వీధిలోనా?"

ఆమె కిటికీ తెర తొలగించి పక్కింటి వైపు చూసింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే గ్యారేజీ వెనక గోడకి కన్నం కొట్టాను. గోడకి అవతల వంటిల్లు. కారు ముందుకి జరిపితే తలుపు పడింది, బంపరు వచ్చి పొయ్యి పక్కన ఆగింది. లొరెయిన్ దాని మీద తడిగుడ్డ ఆరేసింది.

శనివారం పక్కింటికి కాఫీకి వెళ్ళి, మొహం మాడ్చుకుని వచ్చింది. వాళ్ళూ కొత్త కారు కొన్నారు.

"వచ్చే ఏటి బండి పొట్టిగా గీస్తాలే," అన్నాను, ఇక తప్పదని.

"నోర్ముయ్," అంది. "వాళ్ళ బంపరు భోజనాల బల్ల దాకా వచ్చింది. మనది పొయ్యి దగ్గరే ఆగిపోయింది."